ఈనిన పది రోజులు: ఆవుకు కాపలా ఎవరిది?

ఆవు ఈనిన తరువాత జబ్బు పడుతుందో లేదో ముందే చెప్పవచ్చా? చాలావరకు చెప్పవచ్చని పాడి పరిశోధకులు అంటున్నారు. ఈనడానికి రెండు మూడు వారాల ముందు నుంచి ఈనిన వారం దాకా ఆవు రక్తాన్ని, పాలను, పేడను, చివరికి వెంట్రుకలను కూడా పరీక్షిస్తున్నారు. ఒంట్లో ఒత్తిడి ఎంత ఉంది, లోపల వాపు ఎంత ఉంది అని కొలుస్తున్నారు. ఆ కొలతలను బట్టి ఏ ఆవును జాగ్రత్తగా చూసుకోవాలో ముందే గుర్తు పెట్టుకుంటున్నారు. పెద్ద పెద్ద ఫారాలున్న దేశాల్లో ఇరవై ఏళ్లుగా ఈ పని సాగుతోంది.

రేపో మాపో ఇది మన దాకా వస్తుంది. మెడకు కట్టే బెల్టు రూపంలో రావచ్చు, డబ్బాలో పెట్టి అమ్మే పరీక్ష కిట్టు రూపంలో రావచ్చు, బీమా కంపెనీ అడిగే కాగితం రూపంలోనూ రావచ్చు. అది వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాక ఆలోచించడం కంటే, రైతు సంఘంగా మన మాట ఏమిటో ఇప్పుడే తేల్చుకోవడం మంచిది. మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. ఈ శాస్త్రం మంచిది, మనకు పనికొస్తుంది. అయితే జబ్బు రాబోతోందని చెప్పిన రోజునే వైద్యం చేసే మనిషి లేకపోతే, ఆ జోస్యం విని రైతు చేసేదేమీ ఉండదు. కొయ్యూరు మండలంలో అసలు సమస్య అక్కడే ఉంది.

ఆ ఆరు వారాల్లో ఏం జరుగుతుంది

ఆవు ఈనడానికి ముందు 3 వారాలు, ఈనిన తరువాత 3 వారాలు దాని బతుకులో అన్నిటికంటే కష్టకాలం. పాడి ఆవులకు వచ్చే పెద్ద జబ్బుల్లో ఎక్కువ భాగం ఈనిన తొలి వారాల్లోనే బయటపడతాయి. పాలజ్వరం, మాయ పడకపోవడం, గర్భసంచి వాపు, పొదుగువాపు, కీటోసిస్ అన్నీ అప్పుడే వస్తాయి. ఒకటి వచ్చిందంటే రెండోది దాని తోక పట్టుకుని వస్తుంది.

కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ముర్రుపాలలో లీటరుకు 2 గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఆవు ఒంట్లోని రక్తం మొత్తంలో ఏ క్షణాన చూసినా తిరుగుతూ ఉండే కాల్షియం 2, 3 గ్రాములకు మించదు. అయిదు లీటర్ల ముర్రుపాలు దిగాయంటే రక్తంలో ఉన్నదానికి మూడు నాలుగు రెట్లు బయటికి పోయినట్టే. ఆ లోటును ఎముకల నుంచి, మేత నుంచి గంటల్లో పూడ్చుకోవాలి. పూడ్చుకోలేని ఆవు చెవులు చల్లబడి, మెడ పక్కకు తిప్పుకుని పడిపోతుంది. పడిపోని ఆవుల్లో కూడా కాల్షియం తక్కువై కండరాల బిగువు తగ్గుతుంది, మాయ పడదు, గర్భసంచి శుభ్రపడదు.

రెండో లోటు బలానిది. ఈనే ముందు ఆవు మేత తగ్గిస్తుంది. ఈనిన మర్నాటి నుంచి పాలు పెరుగుతాయి, మేత మాత్రం అంత వేగంగా పెరగదు. ఆ తేడాను ఆవు తన ఒంటి కొవ్వు కరిగించి భర్తీ చేస్తుంది. కరిగిన కొవ్వు కాలేయం మోయగలిగిన దానికంటే ఎక్కువైతే కీటోన్లు తయారవుతాయి. అప్పుడు ఆవు దాణా వదిలేసి ఎండుగడ్డి మాత్రం కొరుకుతుంది, రోజురోజుకూ చిక్కిపోతుంది. అదే కీటోసిస్.

మూడోది వాపు. ఈనడమంటేనే ఒంటికి గాయం. గర్భసంచి లోపల పచ్చి పుండులా ఉంటుంది, సూక్ష్మజీవులు చేరతాయి. వాటితో పోరాడటానికి ఒళ్లు వేడెక్కుతుంది, కాలేయం కొన్ని ప్రత్యేక ప్రోటీన్లను రక్తంలోకి వదులుతుంది. కొంత వాపు ప్రతి ఆవుకూ ఉంటుంది, ఉండాలి కూడా. అది హద్దు దాటినప్పుడు, తగ్గాల్సిన రోజుకు తగ్గనప్పుడు జబ్బవుతుంది.

రక్తం చెప్పే సంగతులు

పరిశోధకులు వెతికేది ఈ మూడు లోట్ల జాడల కోసమే. వాపుకు ముఖ్యమైన సూచిక హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్. ఆరోగ్యంగా ఉన్న ఆవు రక్తంలో ఇది దాదాపు కనిపించదు. లోపల వాపు మొదలైతే పదుల రెట్లు పెరుగుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ఒక ఫలితం ప్రకటించారు. ఈనిన 3వ రోజున హాప్టోగ్లోబిన్ లీటరుకు 1 గ్రాము దాటిన ఆవులకు గర్భసంచి వాపు వచ్చే అవకాశం మిగతా వాటికంటే 6 రెట్లకు పైగా ఎక్కువని అందులో తేలింది. బయటికి దుర్వాసన కొట్టే స్రావం కనబడక ముందే రక్తంలో జాడ దొరికిందన్నమాట.

ఒత్తిడికి సూచిక కార్టిసాల్ అనే హార్మోన్. దీంతో ఒక చిక్కుంది. ఈనే వేళ ప్రతి ఆవులోనూ ఇది పెరుగుతుంది. సూది కోసం ఆవును తరిమి పట్టుకున్నా పెరుగుతుంది. అందుకే కొందరు వెంట్రుకల్లో కొలుస్తున్నారు, పెరిగిన వెంట్రుకలో కొన్ని వారాల ఒత్తిడి లెక్క ఉంటుంది కాబట్టి. బలం లోటుకు సూచికలు రెండు. ఒకటి కరిగిన కొవ్వు నుంచి రక్తంలోకి వచ్చే కొవ్వు ఆమ్లాలు, రెండోది బీహెచ్‌బీ అనే కీటోన్. బీహెచ్‌బీ లీటరు రక్తంలో 1.2 మిల్లీమోళ్లు దాటితే, పైకి ఏమీ కనిపించకపోయినా లోపల కీటోసిస్ మొదలైందని లెక్క.

ఈ కొలతలన్నీ అవకాశాన్ని చెబుతాయి, ఖాయంగా చెప్పవు. సూచిక పెరిగినా జబ్బు పడని ఆవులుంటాయి, పెరగకపోయినా జబ్బు పడేవుంటాయి. ఏ రోజున రక్తం తీశారన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. వెయ్యి ఆవులున్న ఫారంలో ఇలాంటి అంచనా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఒక్కో ఆవునూ చూసే మనిషి ఉండడు. ఒకటీ రెండూ ఆవులున్న ఇంట్లో లెక్క వేరు.

తొట్టి చెప్పే సంగతులు

అదే విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో చేసిన మరో పని మన రైతులు తప్పక తెలుసుకోవాలి. ఈనబోయే ఆవులు తొట్టి దగ్గర ఎంతసేపు మేస్తున్నాయి, ఎంత తింటున్నాయి అని రోజూ కొలిచారు. తరువాత తీవ్రమైన గర్భసంచి వాపు వచ్చిన ఆవులను వెనక్కి తిరిగి చూస్తే, అవి ఈనడానికి రెండు వారాల ముందు నుంచే తక్కువ తిన్నాయి. ఈనే ముందు వారంలో మేత రోజుకు ఒక్క కిలో తగ్గిన ఆవుకు ఈ జబ్బు ముప్పు దాదాపు మూడు రెట్లు పెరిగింది. మేసే సమయం రోజుకు పది నిమిషాలు తగ్గినా ముప్పు పెరిగింది.

ఆలోచించండి. లక్షలు పోసి కొన్న యంత్రం తొట్టి దగ్గర కనిపెట్టిన సంగతి, సాలలో కుడితి పోసే మనిషి రోజూ కళ్లతో చూసే సంగతి ఒకటే. “నిన్నటికీ ఇవాళ్టికీ తిండి తగ్గిందే” అని ఇంటి ఆడవాళ్లు అంటే “ఈనబోయే ఆవు కదా, అలాగే ఉంటుందిలే” అని కొట్టిపారేయడం మనకు అలవాటు. ఆ మాట ఇక మానాలి. కొంచెం తగ్గడం మామూలే. రెండు మూడు రోజులు వరసగా మేత మిగులుతున్నదంటే అది హెచ్చరిక.

ఇలాంటి చవక సూచికలు ఇంకా ఉన్నాయి. వంద, రెండు వందల రూపాయల్లో దొరికే డిజిటల్ థర్మామీటర్ ఒకటి. ఈనిన రోజు నుంచి పది రోజులు, ఎండ ఎక్కక ముందు పొద్దున్నే ఆసనంలో పెట్టి చూడాలి. ఆవుకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలు. 103 దాటితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. పాలజ్వరంలో పేరుకు జ్వరమే గానీ ఒళ్లు చల్లబడుతుంది, అదీ గుర్తుంచుకోవాలి.

రెండోది మూత్ర పరీక్ష. కీటోన్లు పట్టుకునే రోథెరా పరీక్ష పశువైద్యులకు ఎప్పటి నుంచో తెలిసినదే. కొద్ది చుక్కల మూత్రం, కొంచెం రసాయన పొడి చాలు. ఊదా రంగు తిరిగితే కీటోసిస్ ఉన్నట్టే. మూడోది పాలకేంద్రం ఇచ్చే చీటీ. ఈనిన రెండో మూడో వారంలో పాలు తగ్గుతూ వెన్న శాతం మాత్రం ఒక్కసారిగా పెరిగితే, ధర బాగా పడిందని సంతోషించకండి. ఆవు తన ఒంటి కొవ్వును పాలలోకి పోస్తోందేమో చూసుకోవాలి. ఒకే ఆవు పాలు పోసే ఇంట్లో ఈ చీటీ మంచి సూచిక. పాలకేంద్రాల దగ్గర ఈ లెక్కలు రోజూ నమోదవుతూనే ఉన్నాయి. వాటిని ఇప్పటిదాకా ధర కట్టడానికే వాడారు, ఆవు ఆరోగ్యానికి వాడలేదు.

ఇక మాయ సంగతి. 12 గంటల్లో పడాలి. పడకపోతే చేత్తో లాగించకండి, బరువు కట్టకండి. లాగితే గర్భసంచి లోపల గాయమై వాపు ఇంకా పెరుగుతుంది. పైగా ఈసుకుపోయిన ఆవుల్లో, మాయ నిలిచిన ఆవుల్లో బ్రూసెల్లోసిస్ ఉండవచ్చు. అది మనుషులకూ అంటుతుంది. ఉత్త చేతులతో మాయను ముట్టుకోవడం, కుక్కలకు వదిలేయడం ప్రమాదం, లోతుగా పూడ్చాలి. 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లోసిస్ టీకా కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితం. మన ఊళ్లో వేశారా లేదా అని అడిగి రాయించుకోవాలి.

మన ఆవుల లెక్క వేరు

ఈ కొలతల్లో ఎక్కువ భాగం చలిదేశాల్లో, రోజుకు 30, 40 లీటర్లు ఇచ్చే హోల్‌స్టీన్ ఆవుల మీద తేల్చినవి. కొయ్యూరు మండలంలో కొండ దిగువన, జీడితోటల్లో, అడవి అంచున మేసే మన నాటు ఆవులకు కీటోసిస్ అరుదు. దూడ తాగగా మిగిలిన లీటరు, రెండు లీటర్ల పాలకు అంత ఒత్తిడి ఉండదు. వాటి బాధలు వేరు. నట్టలు, గోమార్లు, గాలికుంటు, గొంతువాపు, ఎండాకాలం మేత కరువు ముఖ్యమైనవి. ముప్పు ఎక్కువ ఉన్నది అప్పు చేసి తెచ్చుకున్న జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకర ఆవులకూ, ఎక్కువ పాలిచ్చే గేదెలకూ. తెచ్చినప్పుడు పాల లెక్క చెప్పారు గానీ, ఈనిక సమయంలో దానికి ఏం కావాలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

మన ఎండ సంగతి కూడా ఆ లెక్కల్లో లేదు. ఈనడానికి ముందు రెండు నెలలు వట్టిపోయిన ఆవుకు పాలు లేవు కదా అని నీడ, నీళ్లు, దాణా అన్నీ తగ్గించేస్తాం. ఆ కాలంలో ఎండదెబ్బ తిన్న ఆవు తరువాతి ఈతలో పాలు తగ్గిస్తుందని, దూడ కూడా బలహీనంగా పుడుతుందని అమెరికాలోని ఫ్లోరిడాలో చేసిన పరిశోధనల్లో తేలింది. ఏప్రిల్, మే నెలల్లో ఈనే సంకర ఆవుకు రేకుల కప్పు కింద కంటే చెట్టు నీడ మేలు. తాటాకు పందిరి, రోజంతా అందుబాటులో చల్లని నీళ్లు, మేత చల్లపూట వేయడం, ఇవి ఖర్చు లేని మందులు. నిమిషానికి 60 సార్లకు మించి డొక్కలు ఎగరేస్తున్నదంటే ఆవు ఎండకు తట్టుకోలేకపోతున్నట్టు.

కాబట్టి కెనడా లెక్కను తెచ్చి కొయ్యూరు ఆవుకు కట్టడం కుదరదు. మన సంకర ఆవులకూ, ఒంగోలు జాతికీ, నాటు ఆవులకూ, గేదెలకూ, మన వేసవికీ, మన వరిగడ్డికీ తగిన హద్దులు తేల్చాలి. ఆ పని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానిది. ఆ విశ్వవిద్యాలయానికి ఉత్తరాంధ్రలోనే గరివిడిలో కళాశాల ఉంది. మన సాలల్లోనే ఆ పరిశోధన జరగాలని మేము కోరుతున్నాం.

చెప్పేవాడు సరే, వచ్చేవాడు ఎవరు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. థర్మామీటర్ 104 చూపించింది అనుకుందాం. రైతు ఎవరికి చెప్పాలి?

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. 1924 మే 7న అల్లూరి సీతారామరాజు నేలకొరిగిన కొయ్యూరు ఆయన పేరుతో ఏర్పడిన జిల్లాలోనే ఉంది. జిల్లా కేంద్రం పాడేరు కొండ మీద. మనం మందులకూ, దాణాకూ, సంతకూ దిగేది నర్సీపట్నం. అది అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అధికారి ఒక జిల్లాలో, మందుల దుకాణం ఇంకో జిల్లాలో. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సులను 2022 మే నెలలో మొదలుపెట్టినప్పుడు నియోజకవర్గాల లెక్కన కేటాయించారు. మైదానంలో అది సరిపోవచ్చు. మన పాడేరు నియోజకవర్గంలో పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెంకొత్తవీధి, కొయ్యూరు అయిదు మండలాలున్నాయి. మధ్యలో ఘాట్ రోడ్లు, వాగులు. రావణాపల్లిలోనో, కంఠారంలోనో, మంప దగ్గరి గూడెంలోనో పడిపోయిన ఆవుకు పాలజ్వరం సూది గంటల్లో అందాలి. బండి కొండ అవతల ఉంటే ఆ గంటలు అక్కడే అయిపోతాయి.

ఈ ఖాళీలోకి ఎవరు వస్తున్నారో మనకు తెలుసు. సంచిలో నాలుగు సూదులు పెట్టుకుని మోటారు సైకిలు మీద తిరిగే మనుషులు. వాళ్లలో అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు, ఏ జబ్బుకైనా ఒకటే సూది వేసేవాళ్లూ ఉన్నారు. వాపు తగ్గించే మందులు ఎప్పుడు పడితే అప్పుడు వేసేవి కావు. ఫ్లూనిక్సిన్ లాంటి మందును ఈనే సమయంలో ఇచ్చిన ఆవుల్లో మాయ నిలిచిపోవడం పెరిగిందని పరిశోధనలు చెబుతున్నాయి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే నిషేధించారు. అదే కారణంతో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు. మెలాక్సికామ్ లాంటి సురక్షితమైన మందు ఉంది. ఏది, ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. జ్వరం కనబడగానే యాంటీబయాటిక్ పొడిపించి, ఆ పాలనే కేంద్రానికి పోస్తే నష్టం తాగే పిల్లలకు. ముందస్తు పరీక్ష వల్ల నిజంగా అవసరమైన ఆవుకే మందు పడుతుంది. ఈ ఒక్క కారణానికైనా ఈ శాస్త్రాన్ని మేము స్వాగతిస్తున్నాం.

నష్టం ఎవరి ఖాతాలో పడుతోంది

ఒక చిన్న లెక్క వేసుకుందాం. రోజుకు 8 లీటర్లు ఇవ్వాల్సిన ఆవు గర్భసంచి వాపు వల్ల 6 లీటర్ల దగ్గర ఆగిపోయింది అనుకోండి. లీటరు 35 రూపాయల చొప్పున రోజుకు 70 రూపాయలు, వంద రోజులకు 7,000 రూపాయలు పోయాయి. మందుల ఖర్చు వేరే. ఆ ఆవు మూడు నెలలకు ఎదకు రావాల్సింది ఆరు నెలలకు వస్తే, తరువాతి ఈత మూడు నెలలు వెనక్కి పోతుంది. ఆ మూడు నెలల మేతా దాణా మన చేతి నుంచే. ఆవు చావలేదు కాబట్టి ఇదంతా ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

బీమా చూడండి. జాతీయ పశుసంపద మిషన్ కింద 2024లో నిబంధనలు మార్చి, రైతు కట్టాల్సిన ప్రీమియం వాటాను 15 శాతానికి తగ్గించారు. మంచి మార్పే, అందరూ చేయించుకోవాలి. కానీ బీమా ముఖ్యంగా చావుకే. చెవిపోగు చూపించి, పంచనామా చేయించాకే డబ్బు. చచ్చిన ఆవుకు డబ్బిచ్చే ఏర్పాటు ఉంది, చావకుండా చూసే పది రోజులకు ఏర్పాటు లేదు. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం పశు ఆరోగ్య కార్యక్రమానికి రెండేళ్లకు కలిపి 3,880 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో చవక ధరకు పశువుల మందులు ఇచ్చే పశు ఔషధి పథకానికి కేటాయించింది 75 కోట్లు. దేశమంతటికీ అంతే.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని కూడా ముందే చెప్పాలి. ఆవుకు ముప్పు ఉందని చెప్పే కాగితం రేపు రైతు మీదికే తిరగవచ్చు. “ఈ ఆవుకు సూచిక ఎక్కువుంది, బీమా చేయం” అనవచ్చు. “హెచ్చరిక వచ్చినా రైతు పట్టించుకోలేదు, పరిహారం లేదు” అనవచ్చు. అప్పు మీద బెల్టు అంటగట్టి, నెలనెలా పాల డబ్బులో కోసుకోవచ్చు. ఆవు మనది, రక్తం దానిది, పాలు మనం పోసినవి. వాటి నుంచి తీసిన సమాచారం మన మీద వాడటానికి వీల్లేదు.

“ఇంత చిన్న పాడికి ఇంత హంగామా ఎందుకు, రైతు జాగ్రత్తగా ఉంటే చాలు” అనేవాళ్లున్నారు. రైతు జాగ్రత్త సగమే. కీటోసిస్‌కు గ్లూకోజు ఎక్కించడం, పాలజ్వరానికి నరంలోకి కాల్షియం ఇవ్వడం రైతు చేసేవి కావు. కాల్షియం వేగంగా ఎక్కిస్తే గుండె ఆగి ఆవు అక్కడే పోతుంది. రైతు కనిపెట్టాలి, డాక్టరు రావాలి. రెండూ కలిస్తేనే ఆవు లేస్తుంది.

మేము అడుగుతున్నవి

మొదటిది, ఈనబోయే పశువుల జాబితా. చెవికి 12 అంకెల పోగు వేసి, సూది కట్టించిన తేదీని భారత్ పశుధన్‌లో ఎక్కిస్తున్నారు. ఆవు చూలు సుమారు 280 రోజులు, గేదె చూలు సుమారు 310 రోజులు. తేదీ తెలిస్తే ఈనే వారం తెలిసినట్టే. వచ్చే నెలలో ఏ ఊళ్లో ఏ పశువు ఈనబోతోందో ప్రతి రైతు సేవా కేంద్రంలో నెల మొదట్లో గోడకు అంటించాలి. ఆంబోతుతో చూలు కట్టిన పశువులను రైతు చెప్పిన తేదీతో చేర్చాలి. దీనికి కొత్త ఖర్చు లేదు. ఉన్న లెక్కను రైతుకు పనికొచ్చేలా తిప్పడమే.

రెండోది, మూడు సందర్శనలు. ఈనడానికి రెండు వారాల ముందు ఒకసారి, ఈనిన 3 రోజుల్లోపు ఒకసారి, 10వ రోజున ఒకసారి పశుసంవర్ధక సహాయకులు సాల దగ్గరికి వచ్చి చూడాలి. మేత, జ్వరం, స్రావం, మూత్రంలో కీటోన్లు, పొదుగు, ఈ అయిదూ రాసుకోవాలి. దీనికి కావలసిన థర్మామీటర్లు, రోథెరా పొడి, పొదుగువాపు పరీక్ష ద్రావణం ప్రతి కేంద్రంలో ఉండాలి. సహాయకుల మీద ఉన్న ఇతర సర్వేల బరువు తగ్గించాలి, ఖాళీలు నింపాలి.

మూడోది, 1962 బండ్లను ఏజెన్సీలో నియోజకవర్గం లెక్కన కాకుండా దూరం లెక్కన పెట్టాలి. కొయ్యూరు మండలంలోనే ఒక బండి ఉండాలి. నర్సీపట్నం దగ్గరైన ఊళ్లకు అక్కడి పశు ఆసుపత్రి వైద్యం జిల్లా గీతతో సంబంధం లేకుండా అందాలి.

నాలుగోది, రక్తం, పాల నమూనాలు పరీక్షించే ఏర్పాటు నర్సీపట్నం, పాడేరుల్లో ఉండాలి. ఫలితం అదే రోజు తెలుగులో రైతు ఫోనుకు రావాలి. హాప్టోగ్లోబిన్ లాంటి పరీక్షలను ముందు విశ్వవిద్యాలయం మన పశువుల మీద పరీక్షించి, పనికొస్తాయని తేల్చాకే ప్రభుత్వ ఖర్చుతో తేవాలి. తేలక ముందే రాయితీ పేరుతో కంపెనీల కిట్లు కొనిపించవద్దు.

అయిదోది, పాలు కొనే సంస్థలు వెన్న శాతంలో వచ్చే అనుమానపు మార్పును రైతుకు అదే పూట చెప్పాలి. పరీక్షల సమాచారాన్ని చూపించి బీమా నిరాకరించడం, పరిహారం కోసేయడం చెల్లదని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఈనిక కాలంలో వైద్య ఖర్చును కూడా బీమాలో చేర్చాలి.

మనం చేయవలసింది

అడిగినవన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ప్రతి గ్రామ శాఖలో ఒక ఈనిక పుస్తకం పెడదాం. నలభై పేజీల నోటు పుస్తకం చాలు. పశువు చెవిపోగు నంబరు, చూలు కట్టిన తేదీ, ఈనాల్సిన తేదీ, ఈనిన తేదీ, మాయ పడిన సమయం, పది రోజుల జ్వరం లెక్క, మేత తగ్గిందా లేదా, డాక్టరుకు ఎప్పుడు చెప్పాం, ఎప్పుడు వచ్చారు. చివరి రెండు గడులూ తప్పకుండా నింపాలి. ఆరు నెలల పుస్తకాలు ఒకచోట చేర్చితే, ఏ ఊరికి వైద్యం ఎన్ని గంటలు ఆలస్యమవుతోందో మన చేతిలో లెక్క ఉంటుంది. అధికారుల ముందు నోటిమాట కంటే ఆ పుస్తకం గట్టిగా మాట్లాడుతుంది.

ఈ పుస్తకం రాసే పని మహిళా సభ్యులకు అప్పగించాలని మా సూచన. కుడితి పోసేదీ, పేడ తీసేదీ, పాలు పితికేదీ ఎక్కువ ఇళ్లలో వాళ్లే. ఆవు తేడాను ముందుగా పసిగట్టేదీ వాళ్లే. అయినా పశు వైద్య శిబిరం పెడితే సంతకాలు మగవాళ్లవి, శిక్షణకు వెళ్లేదీ మగవాళ్లే. అది మారాలి. వచ్చే శిక్షణల్లో సగం మంది మహిళలు ఉండేలా గ్రామ శాఖలే పేర్లు పంపాలి.

ఒక్కో ఊరికి రెండు థర్మామీటర్లు శాఖ నిధి నుంచి కొనండి. వచ్చే నెల మండల సమావేశానికి కొయ్యూరు, కాకరపాడు, రాజేంద్రపాలెం, మంప, శరభన్నపాలెం శాఖలు తమ ఊళ్లలో రాబోయే రెండు నెలల్లో ఈనబోయే పశువుల పేర్లు రాసుకుని రండి. ఆ జాబితాతోనే పశుసంవర్ధక శాఖ అధికారులను కలుద్దాం, మూడు సందర్శనలకు తేదీలు రాయించుకుందాం.